పొరల విమానాలు – వాటికి జవాబుదారులు

మన సంఘ సభ్యులలో పిల్లలను చూడడానికి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళివచ్చినవారు ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వారిలో కొందరైనా బోయింగ్ 787 విమానం ఎక్కే ఉంటారు. కిటికీ పక్కన సీటు దొరికినవారు ఒక సంగతి గమనించి ఉంటారు. నేల మీద ఉన్నప్పుడు తిన్నగా కనిపించిన రెక్క, విమానం పైకి లేవగానే విల్లులాగా పైకి వంగుతుంది. అది చూసి గుండె జారినవారూ ఉంటారు, వింతగా చూసినవారూ ఉంటారు.

ఆ రెక్క ముఖ్యంగా లోహంతో చేసింది కాదు. కార్బన్ నారను, జిగురును పొరలు పొరలుగా పరిచి, ఉడికించి చేసింది. ఇటువంటి పదార్థాన్ని ఇంజనీర్లు కాంపోజిట్ అంటారు. మిశ్రమ పదార్థమని మనం చెప్పుకోవచ్చు. 787 విమానం కట్టడపు బరువులో సుమారు సగం ఇదే.

ఇంజనీరును కాని నేను ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానని పాఠకులు అడగవచ్చు. నా సర్వీసంతా ఇంజనీర్ల ఆఫీసుల్లోనే గడిచింది. రోడ్లు, వంతెనలు, భవనాలు కట్టే పనుల కాగితాలు చూసే గుమాస్తాగా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. డిజైను గీయడం నా పని కాదు. గీసినదానికి, కట్టినదానికి, చెల్లించినదానికి కాగితం సరిపోయిందా లేదా చూడడమే నా పని. తీరిక దొరికాక విమానాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. పెద్ద కాంపోజిట్ భాగాల డిజైనుకు నాయకత్వం వహించినవారిని వేధించిన ప్రశ్న, మా ఆఫీసు ప్రశ్నే అని చదివినకొద్దీ తెలిసింది. మూసేసిన పనిలో లోపల ఏమున్నదో ఎవరు చూశారు? దానికి జవాబుదారు ఎవరు? ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది దాని చుట్టూనే తిరుగుతుంది.

గడ్డి, మట్టి – నార, జిగురు

పదార్థం కొత్తదే గాని ఆలోచన పాతది. మన ఊళ్ళలో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవారు. మట్టి ఒక్కటే అయితే ఎండి బీటలు వారుతుంది. గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. రెండూ కలిస్తే గోడ నిలుస్తుంది. విమానంలో గడ్డి స్థానంలో కార్బన్ నార, మట్టి స్థానంలో ఎపాక్సీ అనే రెజిన్ జిగురు. ఒక్కొక్క నారపోగు మందం మన వెంట్రుకలో సుమారు పదో వంతు.

ఈ నారకు పొడవునా లాగితే ఎంతో బలం. అడ్డంగా అయితే లేదు. వెదురుబద్దను నిలువునా సులువుగా చీల్చగలం గాని పొడవునా లాగి తెంపలేం కదా, అటువంటిదే ఇది. అందువల్ల ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, మరొకటి ఏటవాలుగా పరుస్తారు. ఎక్కడ ఎన్ని పొరలు, ఏ పొర ఏ దిక్కుకు, ఏది ఎక్కడ ఆగిపోవాలి అన్నదంతా డిజైనులో ఉంటుంది. పెద్ద రెక్కలో రెక్క మొదలు దగ్గర పొరలు ఎక్కువ, కొస దగ్గర తక్కువ.

జిగురు ముందే పట్టించిన నారపట్టీలు చుట్టలుగా వస్తాయి. వాటిని సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో దాచాలి. బయటకు తీసిన దగ్గరనుంచి గంటల లెక్క రాయాలి. గంటలు పరిమితి దాటితే ఆ చుట్ట పనికిరాదు. చూడడానికి బాగానే ఉంటుంది, జిగురు మాత్రం ముదిరిపోయి ఉంటుంది. పొరలన్నీ అచ్చు మీద పరిచాక పైన సంచి కప్పి, లోపలి గాలి లాగేసి, ఆటోక్లేవ్‌లో పెడతారు. అది ఇల్లంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి. అందులో సుమారు 180 డిగ్రీల వేడిలో, మామూలు గాలి ఒత్తిడికి ఆరేడు రెట్ల ఒత్తిడిలో గంటల తరబడి ఉడికిస్తారు. బయటకు వచ్చేసరికి పొరలన్నీ ఒకే ముక్క.

లోహానికి, దీనికి ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. అల్యూమినియం రేకు మిల్లు నుంచి వచ్చేటప్పుడే దాని బలం పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ఫ్యాక్టరీవాడు దానిని కోసి, వంచి, రివెట్లు కొడతాడు. కాంపోజిట్‌లో అలా కాదు. పదార్థమూ, భాగమూ ఒకేసారి పుడతాయి. పొర ఒకటి ముడత పడినా, పట్టీ వెనుక ఉండే పలుచని కాగితం ముక్క లోపల మిగిలిపోయినా, ఒత్తిడి మధ్యలో తగ్గినా, పైకి నున్నగా మెరుస్తూనే ఉంటుంది. తరువాత శబ్దతరంగాలతో పరీక్షిస్తారు. ఖాళీ ఉంటే అది పట్టుకుంటుంది. కాని అతుకు సరిగా పట్టిందా, పట్టినట్లు కనిపిస్తూ బలహీనంగా ఉందా అన్నది ఆ పరీక్షకు కూడా అందదు. దానికి ఆధారం పని జరుగుతున్నప్పుడు రాసిన రిజిస్టరే.

కాబట్టి ఇటువంటి డిజైనుకు పెద్దగా ఉన్నవాడు బొమ్మ గీసి సంతకం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎవరు పరుస్తారు, ఏ గదిలో పరుస్తారు, ఆ గదిలో తేమ ఎంత, ఎవరు చూస్తారు అన్నది కూడా డిజైనులో భాగమే.

వానల మీద నెట్టిన నేరం

ఈ పాఠం మొదట నేర్పినది కార్బన్ నార కాదు, చెక్క. పైగా అందులో మన దేశానికి సంబంధం ఉంది. ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ చీఫ్ డిజైనరు ఆర్. ఇ. బిషప్ నాయకత్వంలో మస్కిటో అనే యుద్ధవిమానం తయారయింది. మొదటిసారి 1940 నవంబరు 25న ఎగిరింది. దాని ఒడలు రెండు పలుచని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి, అచ్చు మీద అతికించి చేసినది. బఠాణీకాయలాగా రెండు సగాలుగా చేసి, లోపలి తీగలు, గొట్టాలు అమర్చి, తరువాత మూసి అతికించేవారు. యుద్ధకాలంలో అల్యూమినియం కొరత. కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగుల దగ్గర పని చేయించుకోవచ్చు. విమానం వేగంలో ఆనాటి మేటి. డిజైను అద్భుతమనే అందరూ అన్నారు.

1944 నవంబరులో ఇండియా, బర్మా ప్రాంతంలో పనిచేస్తున్న మస్కిటోలు కొన్ని కూలిపోయాయి. రెక్క పైభాగం దూలం నుంచి విడిపోతున్నదని అనుమానం వచ్చింది. మొదట నేరం జిగురు మీద పడింది. పాలవిరుగుడుతో చేసే కేసీన్ జిగురు మన ఎండకు, వానకు తట్టుకోలేదన్నారు. కంపెనీ నుంచి హియర్‌వర్డ్ డి హావిలాండ్ బృందం ఇండియాకు వచ్చి చూసి, డిసెంబరులో నివేదిక ఇచ్చింది. జిగురు చెడలేదు, వర్షాకాలంలో చెక్క కుంచించుకుపోవడమే కారణమని అందులో రాశారు. అంటే నేరం వానల మీదికి పోయింది.

ఆ తరువాత ఇంకొక విచారణ జరిగింది. ఇంగ్లండులోనే వేరే మస్కిటోలను విప్పి చూశారు. మన వాన చుక్క ఒక్కటి కూడా పడని విమానాల్లో అవే లోపాలు కనిపించాయి. అతుకుల దగ్గర చెక్క సరిగా ఆనలేదు. తయారైన చోటే లోపమని తేలింది. మూసేసిన తరువాత ఎవరికీ కనిపించని అతుకు అది. దానిని సరిచూడవలసినవారు సరిచూడలేదు. కొన్నాళ్ళు జిగురు, కొన్నాళ్ళు వాన ముద్దాయిలుగా నిలబడ్డాయి. ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు.

ఎం.బి.లో ఎక్కని ఇనుము

ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసిన మిత్రులకు మెజర్‌మెంట్ బుక్కు, అనగా ఎం.బి. సంగతి చెప్పనక్కరలేదు. తక్కిన శాఖలవారి కోసం రెండు మాటలు. కట్టిన పనిని కొలిచి అందులో రాస్తేనే బిల్లు. గోడ, పైకప్పు ఎప్పుడైనా కొలవవచ్చు. పునాది ఇనుము అలా కాదు. కాంక్రీటు పోయకముందే కొలవాలి, పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టాలి. పోశాక ఆ ఇనుము ఉందో లేదో భూదేవికే తెలియాలి.

నేను పనిచేసిన ఒక డివిజనులో, పేరు అనవసరం, ఒక కల్వర్టు పునాదికి ఇనుము కొలత ఎక్కకుండానే కాంట్రాక్టరు కాంక్రీటు పోసేశాడు. బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. కాగితంలో ఇనుము టన్నులు ఉన్నాయి, ఎం.బి.లో సంతకం లేదు. నోటు పెట్టాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు అందరినీ పిలిచి ఒకే మాట అడిగారు, "పోసేముందు చూసిందెవరు?" అని. సెక్షన్ ఆఫీసరు వేరే పని మీద ఉన్నానన్నారు. కాంట్రాక్టరు మేస్త్రీ పేరు చెప్పాడు. మేస్త్రీ సిమెంటు గట్టిపడిపోతుందని తొందరపడ్డానన్నాడు. చివరకు ఒక మూల పగులగొట్టి చూశారు. అక్కడ ఇనుము లెక్కప్రకారమే ఉంది. అయినా బిల్లు ఆగింది, కాంట్రాక్టరుకు నోటీసు వెళ్ళింది.

ఇనుము ఉన్నప్పుడు ఇంత రభస ఎందుకని ఆఫీసులో చాలామంది గొణుక్కున్నారు. దొరగారు చెప్పినది నాకు బాగా గుర్తు. ఉన్నదని మనకు ఇవ్వాళ తెలిసింది, పగులగొట్టినందువల్ల తెలిసింది, ప్రతి పునాదినీ పగులగొట్టి చూడలేం కదా అన్నారు. విమానం రెక్కకైనా అంతే.

తోకతో మొదలు

కార్బన్ నార విమానాల్లోకి మెల్లగా వచ్చింది. ఎయిర్‌బస్ కంపెనీవారు ముందు చిన్న భాగాలు చేసి చూసుకున్నారు. 1985లో ఎగిరిన ఎ310-300 విమానానికి నిలువు తోకరెక్కను కార్బన్ నారతో చేశారు. లోహంతో చేస్తే రెండువేలకు పైగా ముక్కలు పట్టేది వందలోపు ముక్కలతో అయింది. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎ320కి తోక భాగాలు మొత్తం అదే పదార్థం. తోక నిలబడ్డాక, రెక్కల దగ్గరకు, ఒడలి దగ్గరకు వచ్చారు.

అధిపతులు ఈ పనిలో పాటించిన క్రమం మనకు మెట్లవరుసలాగా ఉంటుంది. మొదట చిన్న చిన్న ముక్కలను వందలకొద్దీ తుంచి చూస్తారు. వేడిగా ఉన్నప్పుడు, తేమ పీల్చుకున్నప్పుడు బలం ఎంత తగ్గుతుందో చూస్తారు. తరువాత ఒక అతుకు, తరువాత ఒక పెద్ద భాగం, చివరకు మొత్తం విమానం. సర్వీసులో ఎదురుకాగల గరిష్ఠ భారం ఇంత అని లెక్కకట్టి, దానికి ఒకటిన్నర రెట్లు మోయాలని నియమం.

2001 నవంబరు 12న న్యూయార్కులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587వ నంబరు విమానం, ఎ300-600 రకం, లేచిన కాసేపటికే కూలిపోయింది. నేల మీదివారితో కలిపి 265 మంది పోయారు. కార్బన్ నారతో చేసిన నిలువు తోకరెక్క గాలిలోనే ఊడిపోయింది. జిగురు విమానాలకు ఇక కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు. విచారణ జరిపినవారు అతుకు పొరలన్నీ పరీక్షించారు. ఫ్యాక్టరీలోనే ఒకచోట పొర విడిపోతే సరిచేసిన సంగతి పాత రికార్డులో దొరికింది. ప్రమాదానికి అది కారణం కాదని పరీక్షల్లో తేలింది. ముందు వెళ్ళిన విమానం లేపిన గాలిసుడిలో పైలట్ చుక్కానిని అటూ ఇటూ పదేపదే గట్టిగా తొక్కడం వల్ల, లెక్కకట్టిన గరిష్ఠ భారానికి సుమారు రెండు రెట్లు ఆ రెక్క మీద పడింది. మోయవలసినదానికంటే ఎక్కువే మోసి విరిగింది. చుక్కాని తొక్కుడు ఏర్పాటు మరీ సున్నితంగా ఉండడమూ, పైలట్ల శిక్షణా కూడా అందుకు తోడయ్యాయని నివేదిక చెప్పింది. ఆ రికార్డు లేకపోతే నేరం ఏ పొర మీద పడి ఉండేదో.

సగం విమానం, నలుగురి చేతుల్లో

ఇప్పుడు 787 సంగతి. బోయింగ్ 2004 ఏప్రిల్‌లో ఈ విమాన పథకాన్ని ప్రారంభించింది. తోకతో ఆగకుండా రెక్కలు, ఒడలు అన్నీ కాంపోజిట్‌తోనే అన్నారు. ఒడలిని పెద్ద పీపాలలాగా ఒక్కొక్కటి ఒకే ముక్కగా చేస్తారు. ఒక్కొక్క పీపాతో 1,500 అల్యూమినియం రేకులు, 40 వేలనుంచి 50 వేల బిగింపులు తప్పుతాయని కంపెనీ చెప్పింది. ప్రయాణికులకూ మేలే. లోహపు విమానాల్లో లోపలి గాలి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్లుంటే, ఇందులో 6,000 అడుగుల దగ్గర ఉంచవచ్చు. గాలిలో కాస్త తేమ కూడా ఉంచవచ్చు. మన వయసువారికి చెవులు, గొంతు ఇబ్బంది తగ్గడానికి ఇదొక కారణం.

చిక్కు పదార్థంలో రాలేదు, పని పంచుకోవడంలో వచ్చింది. రెక్కలు జపానులో మిత్సుబిషి, రెక్కలను ఒడలికి కలిపే మధ్యపెట్టె ఫుజి, ముందుభాగాలు అమెరికాలో స్పిరిట్, జపానులో కవాసాకి, మధ్యభాగాలు ఇటలీలో అలెనియా, వెనుకభాగం వాట్ కంపెనీ. పాత రోజుల్లో బోయింగ్ నక్షా ఇస్తే వాళ్ళు చేసి ఇచ్చేవారు. ఇప్పుడు వివరమైన డిజైను పని కూడా చాలావరకు వారికే అప్పజెప్పింది. పైగా ఆ కంపెనీలు కూడా తమకింద మరికొందరిని పెట్టుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే సబ్ కాంట్రాక్టరు కింద పీస్ వర్కు.

ఇలా చేస్తే ఏమవుతుందో ముందే రాసిపెట్టినవారు ఆ కంపెనీలోనే ఉన్నారు. ఆయన ఎల్. జె. హార్ట్-స్మిత్. జిగురుతో అతికిన కాంపోజిట్ అతుకుల లెక్కల్లో ప్రపంచంలో పేరున్న ఇంజనీరు. 2001 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో కంపెనీవారి సదస్సులో ఒక పత్రం సమర్పించారు. పని బయటివారికి ఇస్తే లాభం వారితో పోతుంది, నష్టభయం మాత్రం మన దగ్గరే ఉంటుంది, ముక్కలు ఒకదానితో ఒకటి కుదరకపోతే ఆ ఖర్చు చివర బిగించేవాడి నెత్తిన పడుతుంది, ఇదీ దాని సారాంశం. జీవితమంతా అతుకుల గురించి ఆలోచించిన మనిషికి, కంపెనీల మధ్య అతుకు కూడా అతుకుగానే కనిపించి ఉంటుంది.

2007 జులై 8న విమానాన్ని ఆర్భాటంగా బయటకు తెచ్చి లోకానికి చూపించారు. అమెరికా పద్ధతిలో రాస్తే ఆ తేదీ 7-8-7 అవుతుందని ముహూర్తం పెట్టారు. లోపల చూస్తే చాలా చోట్ల తాత్కాలికపు బిగింపులు, కావలసిన పరికరాలు లేవు. మంత్రిగారి ప్రారంభోత్సవం కోసం రంగు వేసి పెట్టిన భవనాలు మనం చూడనివి కావు. ఆ సంవత్సరమే ఎగరవలసిన విమానం రెండేళ్ళు వెనక్కి పోయింది.

2009లో రెక్కలను వంచి పరీక్షించారు. రెక్క ఒడలికి కలిసేచోట, లోపలి బద్దల చివర్లలో పొరలు విడిపోయాయి. రెక్క మిత్సుబిషివారిది, మధ్యపెట్టె ఫుజివారిది. రెండూ కలిసేచోటు ఎవరిది? మొదటి ఎగురుడుకు తేదీ దగ్గరపడిన సమయంలో, జూన్ 23న, వాయిదా వేస్తున్నట్లు బోయింగ్ ప్రకటించింది. కప్పిపుచ్చి ఎగరకుండా ఆపినందుకు ఆ ఇంజనీర్లను మెచ్చుకోవాలి. అతుకులో 34 బద్దల దగ్గర కొత్త బిగింపులు పెట్టారు. అప్పటికే కట్టేసిన రెక్కలోపలికి దూరి, ఇరుకులో కూర్చుని చేయవలసిన పని అది. నవంబరు 30న మళ్ళీ పరీక్ష చేశారు. డిసెంబరు 15న విమానం ఎగిరింది. 2010 మార్చి 28న గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు పెట్టి చూస్తే రెక్కలు సుమారు 25 అడుగులు పైకి వంగాయి, విరగలేదు. కిటికీలోంచి వంపు చూసి భయపడినవారికి నేను చెప్పేది ఈ లెక్కే.

అదే 2009లో ఇటలీలో చేసిన ఒడలి భాగాల పైపొరలో ముడతలు కనిపించాయి. పని ఆపించి, పట్టీలు వేయించారు. వాట్ కంపెనీ ఫ్యాక్టరీని బోయింగే కొనేసింది. జపాను విమాన కంపెనీకి మొదటి 787 చేరింది 2011 సెప్టెంబరులో, అనుకున్నదానికి మూడేళ్ళకు పైగా ఆలస్యం. మన ఎయిర్ ఇండియాకు 2012 సెప్టెంబరులో వచ్చింది. ముఖ్యమైన పనులు దగ్గర పెట్టుకుని ఉంటే ఇంత ఖర్చయ్యేది కాదని బోయింగ్ ప్రయాణికవిమానాల విభాగం అధిపతి జిమ్ ఆల్బా 2011లో సియాటిల్‌లో బహిరంగంగానే చెప్పారు. హార్ట్-స్మిత్ రాసి పదేళ్ళయింది.

కాగితమంత సందు

అంతటితో అయిపోలేదు. పీపాలను ఒకదానితో ఒకటి కలిపేచోట సందులు ఉంటాయి. లోహమైతే కాస్త లాగి బిగిస్తే సర్దుకుంటుంది. కాంపోజిట్ మొండిది, సర్దుకోదు. అందుకని సందు కొలిచి, దానికి సరిపోయే పలుచని పేడు పెట్టి బిగించాలి. దానిని షిమ్ అంటారు. నియమం ప్రకారం మిగిలే సందు అంగుళంలో వెయ్యింటికి అయిదు వంతులు దాటకూడదు. మనం నోటు రాసుకునే కాగితం మందం కంటే ఏ కొంచెమో ఎక్కువ.

2020లో కొన్ని విమానాల్లో ఈ షిమ్‌ల కొలత సరిగా లేదని, లోపలి పొర నునుపు కూడా చాలలేదని బయటపడింది. ఆగస్టులో ఎనిమిది విమానాలను నిలిపివేశారు. 2021 మే నుంచి 2022 ఆగస్టు వరకు కొత్త 787ల అప్పగింతే ఆగిపోయింది. తనిఖీ అధికారాన్ని అమెరికా విమానయాన శాఖ చాలావరకు కంపెనీ చేతికే ఇచ్చి ఉంది. ఆ తరువాత ఒక్కొక్క విమానాన్నీ తన ఇన్‌స్పెక్టర్లతోనే చూపించుకుంది.

2025 జూన్ 12న అహ్మదాబాదులో 787 కూలి 260 మంది మరణించిన దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. ఈ వ్యాసం చదివి దానికి దీనికి ముడిపెట్టుకోవద్దని మనవి. ఆ జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ఇంజన్ల ఇంధన స్విచ్చులు ఆగిన స్థానంలోకి మారిన సంగతి చెప్పింది గాని, కట్టడం విరిగిందని చెప్పలేదు. తెలియకముందే నేరం మోపితే ఏమవుతుందో మస్కిటో కథలో చూశాం.

బెంగళూరులో మనవాళ్ళు

మన దేశంలో ఈ పనికి పెద్దగా నిలిచినవారిలో కోట హరినారాయణగారిని చెప్పుకోవాలి. తేలికపాటి యుద్ధవిమానం పథకం 1983లో మంజూరయింది. మరుసటి సంవత్సరం బెంగళూరులో ఏడీఏ అనే సంస్థ పెట్టారు. ఆయన దానిలో పథకానికి డైరెక్టరుగా, చీఫ్ డిజైనరుగా ఏళ్ళ తరబడి పనిచేశారు. తరువాత మన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వచ్చారు. అప్పటికి దేశంలో ఇంత పెద్ద కార్బన్ నార రెక్క చేసినవారు లేరు. అనుభవం ఉన్న పద్ధతిలో, లోహంతో చేస్తామంటే ఎవరూ కాదనేవారు కారు. చిన్న విమానం, బరువు తగ్గాలి, కనుక కాంపోజిట్ అనే నిర్ణయానికే నిలబడ్డారు. తేజస్ కట్టడపు బరువులో సుమారు 45 శాతం అదే.

నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అనగా నాల్ వారు, తోకరెక్కను, చుక్కానిని కాంపోజిట్‌తో చేశారు. లోపలి బద్దలను, పైపొరను విడివిడిగా చేసి బిగించకుండా, ఒకేసారి ఉడికించి ఒక్కటి చేసే పద్ధతిని సాధించారు. పొరలు ఎలా పరచాలో లెక్కకట్టే ఆటోలే అనే కంప్యూటరు ప్రోగ్రామును ఏడీఏ ఇంజనీర్లు సొంతంగా రాసుకున్నారు. తరువాత ఎయిర్‌బస్ కూడా దానిని తీసుకుంది. 1998 మే పోఖ్రాన్ పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు పెట్టి, అక్కడ నియంత్రణ వ్యవస్థ మీద పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనక్కి పంపింది. రెక్క సంగతి మన చేతిలో ఉండబట్టి ఆ చిక్కు రెక్కకు రాలేదు. 2001 జనవరి 4న రాజీవ్ కోఠియాల్ ఆ విమానాన్ని మొదటిసారి 18 నిమిషాలు నడిపారు. 2016 జులైలో వైమానికదళంలో మొదటి స్క్వాడ్రను ఏర్పడింది.

ఆలస్యం ఇక్కడా జరిగింది, విమర్శలూ వచ్చాయి. అవి న్యాయమే. కాని ఆలస్యమైన పనిలో కూడా, ఈ పొర ఎవరు పరిచారు, ఎవరు చూశారు అన్న ప్రశ్నకు జవాబు ఒకే ఊళ్ళో, ఒకే గొడుగు కింద దొరికింది. పెద్ద కంపెనీ సముద్రాల అవతల వెతుక్కోవలసి వచ్చిన జవాబు అది.

ఇప్పుడు మన పిల్లలు, మనవలు ఈ పనుల్లోకి వస్తున్నారు. హైదరాబాదు దగ్గర ఆదిభట్లలో విమాన, హెలికాప్టరు భాగాలు తయారవుతున్నాయి. నాగపూరులో టాటావారు 787 విమానానికి కాంపోజిట్ నేలదూలాలు చేశారు. అటువంటి ఫ్యాక్టరీలో చేరిన కుర్రవాడు ఇంటికి వచ్చి, రోజంతా చుట్ట ఎన్ని గంటలు బయట ఉందో రాయడం, పొర పొరకూ సంతకం పెట్టడమే సరిపోయిందని విసుక్కుంటే, మనం నవ్వి ఊరుకోకూడదు. అది గుమాస్తా పని అని తీసిపారేయకూడదు. చీఫ్ డిజైనరు తన సంతకం పెట్టేది ఆ కుర్రవాడి సంతకాన్ని నమ్మే. మనం ముప్ఫై ఏళ్ళు రిజిస్టర్లు రాసి, నోట్లు పెట్టి, చాదస్తులమనిపించుకున్నాం. ఆ చాదస్తం ఎందుకో వాడికి చెప్పగలిగినది మన తరమే.